తమ్ముడి డ్యూటీ ఆకాశంలో

మా తమ్ముడు మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టడు, నడినెత్తి చూసి గుర్తుపడతాడు. నవ్వకండి, నిజమే చెప్తున్నాను. ఒకసారి కూరగాయల కొట్టు దగ్గర ఒకాయన నవ్వుతూ పలకరిస్తే వీడు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. ఆయన కిందపడ్డ ఉల్లిపాయ కోసం వంగాడో లేదో, "నువ్వా" అంటూ వీడు వెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే చోట పనిచేస్తున్నారు మరి. కాకపోతే ఒకడు కింద, ఒకడు పైన.

వాడిది టవర్ క్రేన్ నడిపే పని. పెద్ద పెద్ద భవనాలు లేస్తున్న చోట పసుపుపచ్చ ఇనుప స్తంభం ఒకటి సన్నగా పైకంటా నిలబడి ఉంటుందే, దాని నెత్తిన అద్దాల గది ఉంటుంది. మన స్నానాల గది కంటే పెద్దదేం కాదు. పొద్దున్నే నిచ్చెన పట్టుకుని అందులోకి ఎక్కాడంటే మళ్ళీ సాయంత్రానికే దిగడం. మధ్యలో దిగి ఎక్కే ఓపిక ఎవడికుంటుంది? అందుకని అన్నం, నీళ్ళు, అన్నీ వెంటే పోతాయి. ఇంకో అవసరానికి సీసా ఒకటుంటుంది, దాని సంగతి నేను చెప్పను, మీరూ అడగొద్దు.

కింద ఇటుకలు కావాలన్నా, ఇనుప చువ్వలు కావాలన్నా, అందరూ తలెత్తి వీడి వంకే చూడాలి. అందుకే సైటులో వాణ్ని "పైవాడు" అంటారు. పైవాడికి దయ కలిగితేగాని మనకి పని లేదురా అని నవ్వుకుంటారట. ఇంట్లో మాత్రం అంత నోట్లో నాలుక లేని మనిషి ఇంకొకడుండడు. వాడికి రావలసిన నోరు కూడా నాకే వచ్చిందని మా అమ్మ అనేది, అబద్ధమేం కాదు.

మా మరదలు బేకరీలో కౌంటరు దగ్గర పనిచేసేది. సాయంత్రం పని అయ్యాక పిల్లని చంకనేసుకుని సైటు ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడేది. ఆవిడ చెయ్యి ఎత్తితే, వీడు పైన గదిలో లైటు వేసి ఆర్పేవాడు. అంతే వాళ్ళ సరసం. అంత ఎత్తునుంచి నీ పెళ్ళాం నీకేం కనపడుతుందిరా అని నేను ఏడిపిస్తే, "పాపిడి కనపడుతుందక్కా" అనేవాడు. వాడు వరసగా నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు పెళ్ళాం గురించే ఉండేవి.

మరదలికి వచ్చింది జ్వరమే కదా అనుకున్నాం. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. వారం తిరక్కుండా మనిషి లేదు. నేను మిషను, కత్తెర, కుట్టవలసిన బట్టల మూటలు అన్నీ ఆటోలో వేసుకుని తమ్ముడింటికి వచ్చేశాను. ముందుగదిలో కిటికీ పక్కన మిషను పెట్టుకున్నాను. మేనకోడల్ని అప్పుడే బడిలో వేశారు. దాన్ని అందరం పిడుగు అని పిలుస్తాం. పేరు పెట్టింది నేనే, ఊరికే పెట్టలేదు.

ఆ రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒకటే మాట. అమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళిందమ్మా. ఎక్కడుంటాడు దేవుడు? ఇంకెక్కడ, ఆకాశంలో. అనేవాళ్ళకేం, అని వెళ్ళిపోతారు. ఇంకో పిల్లయితే ఆకాశమంటే ఎక్కడో అందని చోటనుకుని ఏడ్చి ఊరుకునేది. ఈ పిల్ల నాన్న రోజూ పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని ఆకాశంలోకే డ్యూటీకి పోతాడాయె. అది మాకెవరికీ తట్టలేదు.

అప్పట్నించీ పిల్ల తన కోడిగుడ్డు సగం తిని, మిగతా సగం వాళ్ళ నాన్న డబ్బాలో పెట్టించేది. వాడు మురిసిపోయాడు. నా కూతురు నాకోసం నోరు కట్టుకుంటోందక్కా అని నాతో ఒకటికి పదిసార్లు చెప్పుకున్నాడు. నేను కూడా ఎంత ప్రేమో అనుకున్నాను. ఒక సాయంత్రం వాడు రోజంతా గాలితో కొట్లాడి, ఒళ్ళు హూనమై వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. పిల్ల డబ్బా మూత తీసి చూసి అడిగింది.

"అమ్మ తిన్నదా?"

వాడు తల కూడా ఎత్తలేదు. "ఊఁ, తిన్నది" అన్నాడు.

నా కాలు మిషను మీద ఆగిపోయింది. వాడి చెయ్యి బూటు తాడు మీద ఆగిపోయింది. ఏం అడిగిందో, తానేం చెప్పాడో అప్పటికి బుర్రకెక్కింది వాడికి. కానీ ఆ పిల్ల మొహం చూడాలి మీరు. వాళ్ళమ్మ పోయాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. అది నిద్రపోయాక తమ్ముణ్ణి పట్టుకుని దులిపేశాను. ఏరా, ఆ ఒక్క ఊఁ ఎంత దూరం పోతుందో తెలుసా నీకు అని అడిగాను. వాడు తెలుసన్నాడు. మరి రేపు నువ్వే చెప్పక్కా, నీకు నోరుంది కదా అన్నాడు. ఇంత నోరున్నదాన్ని, తెల్లారి ఆ పిల్ల అడగ్గానే గుడ్డు సగం నేనే డబ్బాలో సర్దాను.

ఇక మొదలైంది. ఎర్ర రిబ్బను పైకి పోయింది. ఊడిన పాలపన్ను కాగితంలో చుట్టుకుని పైకి పోయింది. అక్కడ గాలి ఎక్కువని నాన్న నోట విన్నది కదా, అమ్మకి దగ్గు వస్తుంది, స్వెట్టరు పంపాలంది. మా మరదలి నీలం స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగితే, చచ్చినదానికి స్వెట్టరెందుకని అనలేక, నేనే కూర్చుని రఫ్ఫు చేసి ఇచ్చాను. కుట్టినంతసేపూ సూది కనపడలేదు నాకు.

దేవుడు అంత పైన ఎందుకుంటాడని దానికి ఇంకో బెంగ పట్టుకుంది. దగ్గర్లో ఉంటే ఏం పోయిందట? కనపడిన వాళ్ళందర్నీ అడిగింది. పైనుంచయితే ఎవరెవరు ఏం చేస్తున్నారో తెలుస్తుందని చెప్పింది పచారీ కొట్టావిడ. ఆవిడ కొట్లో ఎవరేం తీసి నోట్లో వేసుకుంటారో అన్న దిగులు ఆవిడది. ఇల్లు కట్టినవాడెవడైనా పై అంతస్తు తనకే ఉంచుకుంటాడమ్మా అన్నాడు వాచ్‌మన్. అడిగేవాళ్ళ పోరు పడలేక అంత దూరం పోయి కూర్చున్నాడే అన్నాను నేను, నువ్వు ఒక్కదానివి చాలు ఆయన్ని తరమడానికి. వాళ్ళ నాన్న మాత్రం ఆలోచిస్తానన్నాడు.

బడికి సెలవైన రోజు వాడు అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళాడు. పిల్లని వెంటబెట్టుకుని నేనే పట్టుకెళ్ళాను. గేటు దగ్గర మమ్మల్ని ఆపేస్తే, డబ్బా తీసుకోవడానికి రేడియో వచ్చాడు. రేడియో అంటే సిగ్నల్ ఇచ్చే మనిషి, ఆ ఉల్లిపాయ కోసం వంగినాయనే. కిందనుంచి వాకీటాకీలో తమ్ముడికి దారి చెప్పడం ఆయన పని. పని లేనప్పుడు కూడా మాట ఆపడు కాబట్టి ఆ పేరు. ఆయన డబ్బా అందుకుంటుండగానే పిడుగు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైనుంచి క్రేను తాడుకి వేలాడుతూ ఇనుప బోను ఒకటి దిగుతోంది. అందులో ఇద్దరు మనుషులు. భవనం బయటి గోడకి అద్దాలు బిగించి వస్తున్నారు. బోను మెల్లగా వచ్చి నేలమీద ఆగింది, వాళ్ళు తలుపు తీసుకుని, చేతులు దులుపుకుంటూ బయటికొచ్చారు. పిల్ల దారంతా వెనక్కి తిరిగి ఆ బోను వంకే చూసింది. దానికేదో అయిందని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

సాయంత్రం వాడు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎదురుగా నిలబడి ఉంది.

"ఇద్దరు మనుషుల్ని దించావు, నేను చూశాను. అంతంత ఇనుము దించుతావు. ఒక్క అమ్మని దించలేవా?"

ఏం చెప్తాడు? గుడ్డు తిన్నదని చెప్పిన నోటితో ఇప్పుడు లేదని ఎట్లా అంటాడు? పిల్ల కాసేపు చూసి, లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అంతే, వాళ్ళ నాన్నతో మాటలు మానేసింది. నాతో మాట్లాడుతుంది, పచారీ కొట్టావిడతో మాట్లాడుతుంది, వాడు ఇంట్లోకి వస్తే నోరు మూతపడిపోతుంది. డబ్బాలో గుడ్డు పెట్టించడం ఆపేసింది. జడ వేస్తుంటే ఒకరోజు నాతో మెల్లగా అంది, నాన్నకి అమ్మంటే ఇష్టం లేదత్తా, అందుకే దించట్లేదు అని. ఆ పిల్ల తల్లిని ఎటూ పోగొట్టుకుంది, ఈ ఒక్క మాటతో తండ్రిని కూడా పోగొట్టుకునేట్టుందని నాకు భయమేసింది.

తమ్ముడు చిక్కిపోయాడు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏరా, ఉన్నమాట చెప్తే అది ఒక రోజు ఏడుస్తుంది, చెప్పకపోతే జన్మంతా నిన్ను దొంగని చూసినట్టు చూస్తుంది, ఏది నయం అని నిలదీశాను. వాడు ప్లేటు పక్కకి జరిపాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు.

"నేను పైనుంచి అంతా చూస్తాననుకుంటారక్కా అందరూ. ఏం చూస్తాను? నెత్తులు చూస్తాను. గోడ అవతల ఏముందో నాకు తెలీదు. అక్కడికి దించాలంటే రేడియో చెప్తూనే ఉండాలి, దించు, దించు, దించు అని. ఆ మాట వింటూనే నా చెయ్యి కదులుతుంది. మాట ఆగిందా, చెయ్యి ఆపెయ్యాలి. అదే రూలు. పిడుగు మాట్లాడ్డం మానేసింది కదా, నాకిప్పుడు ఎటు కదలాలో తెలీట్లేదు."

ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. దేవుడు పైన ఎందుకుంటాడని అడిగింది కదా, నాకు తెలిసిందక్కా అన్నాడు. కింద ఎవడికి ఏం కావాలన్నా ముందు మెడ పైకి లేస్తుందట. నన్ను చూసే లేపుతున్నారని మొదట్లో అనుకునేవాణ్ని, ఇటుక జారి కాలిమీద పడ్డవాడు కూడా పైకే చూస్తాడు, వాడికి నాతో ఏం పని? చేతులు ఖాళీ లేనివాడు, ఎవర్ని అడగాలో తెలియనివాడు పైకి చూస్తాడు. జనం అటు చూస్తారు కాబట్టి ఆయన్ని అక్కడ పెట్టుకున్నారు. ఇంత చెప్పి, నేనూ పై గదిలో కూర్చుని ఇంకా పైకే చూస్తానక్కా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అన్నం తినరా ముందు అని కసిరాను.

మర్నాడు నేనే రేడియోని పట్టుకున్నాను. ఆయన విషయమంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు, అది ఆయన జన్మలో మొదటిసారి. ఆదివారం సైటులో పని ఉండదు, తమ్ముడొక్కడే గ్రీజు పెట్టుకోవడానికి పైకెక్కుతాడు, ఇంజనీరుగారిని అడిగి ఒప్పిస్తాను, పిల్లని మీరు తీసుకురండక్కా అన్నాడు. తమ్ముడికి చెప్పాను, ఈసారి అది ఏమడిగినా ఉన్నమాటే చెప్పమన్నాను. సరేనన్నాడు.

ఆదివారం పొద్దున గేటు దగ్గర పిల్ల నెత్తిన పసుపు హెల్మెట్టు పెట్టారు. అది ముక్కుదాకా దిగింది. తమ్ముడు అప్పటికే పైనున్నాడు. కాంక్రీటు గోడ పక్కన, ఎండలో, రేడియో దాని ముందు గొంతుక్కూర్చుని వాకీటాకీ చేతికిచ్చి పాఠం చెప్పాడు. ఈ బొత్తాం నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. పిడికిలి బిగిస్తే ఆపమని. నాన్న నీకు కనపడనప్పుడు మాత్రం మాట ఆపకూడదమ్మా, నువ్వు ఆపితే నాన్న అక్కడే ఆగిపోతాడు. అది హెల్మెట్టు పైకెత్తి పట్టుకుని ఆ అద్దాల గది వంక చూసింది. బొత్తాం నొక్కింది.

"నాన్నా."

ఎన్నాళ్ళకో పిలిచింది. పెట్టెలోంచి గరగరమని వాడి గొంతు వచ్చింది. "చెప్పు తల్లీ."

"అమ్మ కనపడుతుందా?"

అవతల గాలి చప్పుడు వినపడింది. నేను పైటచెంగు నోట్లో కుక్కుకున్నాను.

"లేదమ్మా."

"బాగా చూశావా?"

"నువ్వు అడగకముందు నుంచీ చూస్తున్నాను తల్లీ. అమ్మ పోయిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నాను. అమ్మ ఇక్కడ లేదు. ఉంటే దించనా?"

పిల్ల మళ్ళీ బొత్తాం నొక్కింది.

"మరి గుడ్డు?"

"నేనే తిన్నాను. నీకు అబద్ధం చెప్పాను."

"దేవుడో?"

"ఆయనా కనపడలేదు. నాకు పైన ఇంకా చాలా ఆకాశముంది."

అది ఏడ్చింది. హెల్మెట్టు కింద మొహం కనపడలేదు గానీ, మెడ మీద చిన్న నరం కొట్టుకుంటోంది. నేను ఎత్తుకోబోతే రేడియో వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలనిపించింది నాకు. కాసేపటికి అది ముక్కు మోచేత్తో తుడుచుకుని మళ్ళీ బొత్తాం నొక్కింది.

"అయితే నువ్వు ఒక్కడివేనా అక్కడ?"

"ఒక్కణ్ణే తల్లీ."

"మరి అక్కడెందుకు? దిగు."

పైన చిన్న తలుపు తెరుచుకుంది. వాడు నిచ్చెన మీద కాలు పెట్టాడు. పిల్ల, రేడియో దించు అనేట్టుగానే, దిగు, దిగు, దిగు అనడం మొదలుపెట్టింది. కొంత దూరం వచ్చాక వాడు సగం కట్టిన గోడ వెనక్కి వెళ్ళిపోయాడు. ఇక కనపడడు. పిల్ల గొంతు ఇంకాస్త పెంచింది. దిగు నాన్నా, దిగు, దిగు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే నాన్న ఆగిపోతాడేమోనని ఊపిరి మధ్యలో కూడా అంటోంది. వాడు ఏ కంగారులో కాలు జారతాడో, కళ్ళలో నీళ్ళతో ఏ మెట్టు తప్పుతాడో అని నా భయం. ఏం చేస్తున్నానో చూసుకుంటే, నేను గోడ వంక చూడట్లేదు. పైన ఆ ఖాళీ గది వంక, దానికంటే పైకి చూస్తున్నాను. అక్కడ ఎవరూ లేరని ఇప్పుడే నా చెవులతో విన్నాను. అయినా నా మెడ అటే లేచింది. ఈ ఇద్దర్నీ చల్లగా చూడవయ్యా అని అడిగాను.

గోడ చివర వాడి బూటు కనపడింది. తర్వాత మనిషి కనపడ్డాడు. నీలం స్వెట్టరు చేతులు మెడ చుట్టూ ముడివేసుకుని ఉన్నాడు. మణికట్టుకి ఎర్ర రిబ్బను చుట్టుకున్నాడు. చొక్కా జేబుకి పిన్నీసు పెట్టి ఉంది, పాలపన్ను అందులోనే ఉండాలి. పైకి పంపినవేవీ పారెయ్యలేదు వాడు.

వాడు ఎదురుగా కనపడుతున్నా పిడుగు ఆపలేదు. గొంతు బొంగురుపోయినా అంటూనే ఉంది. వాడి రెండో కాలు కూడా నేలకి ఆనాక, వాకీటాకీ కిందికి దించి, చిన్న పిడికిలి బిగించి పైకెత్తింది.

వాడు ఉన్నచోటే ఆగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇదే పరుగెత్తుకుంటూ వెళ్ళింది.